చీకట్లో పదిహేను గంటలు

వాద్యబృందాన్ని కప్పు కింద దాచాడు. యంత్రాలను తెరల వెనక దాచాడు. పక్క సీట్లో ఎవరున్నారో కనపడకుండా ప్రేక్షకుణ్ని చీకట్లో కూర్చోబెట్టాడు రిచర్డ్ వాగ్నర్. ఆయన దాచినవన్నీ ఇప్పుడు సినిమా హాల్లో కెమెరాలు పట్టి చూపిస్తున్నాయి. మరి మాయ చెదిరిపోయిందా? నాలుగు భాగాల జర్మన్ మహా ఒపెరా 'రింగ్' మల్టీప్లెక్సుకు నడిచొచ్చిన కథ ఇది.

2011 మే 14, శనివారం. న్యూయార్క్‌లో మధ్యాహ్నం పన్నెండు. లండన్‌లో సాయంత్రం ఐదు, బెర్లిన్‌లో ఆరు. మన దగ్గర రాత్రి తొమ్మిదిన్నర. దేశదేశాల సినిమా హాళ్లలో జనం టికెట్లు కొనుక్కుని వచ్చి కూర్చున్నారు. చూడబోయేది సినిమా కాదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా ('మెట్') వేదిక మీద సరిగ్గా అదే సమయానికి పాడబోతున్న 'డీ వాల్‌క్యూరె'. వాగ్నర్ రాసిన నాలుగు భాగాల 'రింగ్'లో రెండోది.

పాట మొదలవలేదు. పాడేవాళ్లు సిద్ధంగానే ఉన్నారు. వేదిక మీద ఉన్న 45 టన్నుల యంత్రమే కదలనంది. దాన్ని నడిపే కంప్యూటర్లు మొరాయించాయి. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, అరగంట దాటింది. టూరింగ్ టాకీసులో రీలు తెగితే ఆపరేటర్ని తిట్టుకుంటూ ఈలలు వేసిన తరం మనది. ఇక్కడ ఈల వేసినా లాభం లేదు. ఆపరేటరు సముద్రానికి అవతల ఉన్నాడు.

చివరికి తుపాను సంగీతంతో ఒపెరా మొదలైంది. తండ్రి తన కన్నకూతుర్ని కొండ మీద నిద్రపుచ్చి, చుట్టూ మంటలు రగిలించి వెళ్లిపోయే ఆఖరి దృశ్యం వచ్చేసరికి ఐదు గంటలు దాటింది. అంతసేపూ వాళ్లను ఆ సీట్లలో కూర్చోబెట్టింది ఏమిటి?

ఉంగరం చుట్టూ ఉచ్చు

కథ తెలిస్తే సగం భయం పోతుంది. రైన్ నది అడుగున బంగారం ఉంటుంది. దానికి ముగ్గురు జలకన్యలు కాపలా. ఆ బంగారంతో ఉంగరం చేసుకున్నవాడికి లోకమంతా దాసోహం. కాకపోతే ఒక షరతు: ప్రేమను శపించి, వదులుకోవాలి. జలకన్యల చేత నవ్వులపాలైన మరుగుజ్జు అల్బెరిష్ ఆ పని చేసి, బంగారం ఎత్తుకుపోతాడు.

పైలోకంలో దేవతల రాజు వోటాన్‌ది ఇంకో బాధ. ఇల్లు కట్టి చూడమన్నారుగా, ఆయన కట్టి చూశాడు. ఇద్దరు రాక్షసుల చేత వల్‌హాలా అనే కోట కట్టించాడు. కూలి కింద తన మరదలు ఫ్రైయాను ఇస్తానన్నాడు. ఇప్పుడు ఇవ్వలేడు, మాట తప్పలేడు. అందుకని అల్బెరిష్‌ను మోసం చేసి, ఉంగరం లాక్కుని, దానితో అప్పు తీరుస్తాడు. అల్బెరిష్ శాపం పెడతాడు. ఉంగరం చేతిలో పడిన మరుక్షణమే రాక్షసుల్లో ఒకడు రెండోవాణ్ని చంపేస్తాడు. ఇదంతా మొదటి భాగం 'దాస్ రైన్‌గోల్డ్'. రెండున్నర గంటలు, ఇంటర్వెల్ లేదు.

రెండో భాగంలో వోటాన్ తన మాట మీరిన ముద్దుల కూతురు బ్రూన్‌హిల్డెను శిక్షిస్తాడు. మూడో భాగం 'జీగ్‌ఫ్రీడ్'. భయమంటే ఏమిటో తెలియని కుర్రాడు విరిగిన కత్తిని తానే కరిగించి పోతపోసి, ఉంగరాన్ని కాపలా కాస్తున్న డ్రాగన్‌ను చంపి, మంటల్లోంచి నడిచి వెళ్లి బ్రూన్‌హిల్డెను నిద్రలేపుతాడు. నాలుగోది 'గ్యోటర్‌డెమ్మెరుంగ్', అంటే దేవతల చీకటివేళ. ఎవరో మందు కలిపిన పానీయం ఇస్తే జీగ్‌ఫ్రీడ్ ప్రేమించిన మనిషినే మరిచిపోతాడు. వెన్నుపోటుకు బలవుతాడు. బ్రూన్‌హిల్డె అతని చితిలోకి గుర్రంతో దూకుతుంది. రైన్ పొంగుతుంది, ఉంగరం నదికి చేరుతుంది, పైన వల్‌హాలా తగలబడుతుంది.

మనకు ఇందులో ఏదీ పరాయిది కాదు. తొడ ఒక్కటీ వజ్రం కాకుండా మిగిలిపోయిన దుర్యోధనుడి కథ తెలిసినవాడికి జీగ్‌ఫ్రీడ్ వీపు గురించి చెప్పనక్కర్లేదు. బ్రూన్‌హిల్డె తన మంత్రాలతో అతని ఒళ్లంతా కాపాడి, వీపు మాత్రం వదిలేస్తుంది. అతను శత్రువుకు వెన్ను చూపడని నమ్మకం. ఉంగరం, నది, మరుపు అంటే శకుంతల గుర్తొస్తుంది. కాకపోతే అక్కడ నదిలో దొరికిన ఉంగరం జ్ఞాపకాన్ని తిరిగి ఇచ్చింది. ఇక్కడ ఉంగరం నదిలో పడితే తప్ప లోకానికి పీడ విరగడ కాదు.

ఈ కథ కోసం వాగ్నర్ 1200 ప్రాంతపు జర్మన్ కావ్యం 'నిబెలుంగెన్‌లీడ్'నూ, ఐస్‌లాండ్ ప్రాచీన గాథలనూ తవ్వాడు. 1848లో మొదలుపెట్టాడు. మొదట రాసింది చివరి భాగం మాటలు. జీగ్‌ఫ్రీడ్ చావు అర్థం కావాలంటే అతని బాల్యం చెప్పాలి, దానికి ముందు తల్లిదండ్రుల కథ, దానికీ ముందు బంగారం దొంగతనం... ఇలా వెనక్కి వెనక్కి రాసుకుంటూ వెళ్లాడు. సంగీతం మాత్రం ముందు నుంచి కట్టాడు. 1857లో మూడో భాగం మధ్యలో వదిలేసి, పన్నెండేళ్ల తర్వాత 1869లో మళ్లీ చేతికెత్తుకున్నాడు. 1874 నవంబరులో ముగించాడు. మొత్తం 26 ఏళ్లు.

పదిహేను గంటల సంగీతంలో శ్రోత దారి తప్పకుండా ఉండటానికి ఆయన వాడిన కిటుకు మన సినిమా ప్రేక్షకుడికి కొట్టిన పిండి. కత్తికి ఒక స్వరగుచ్ఛం, ఉంగరానికి ఒకటి, కోటకు ఒకటి, శాపానికి ఒకటి. తెర మీద మనిషి రాకముందే బీజీఎం వినిపిస్తే హీరో వస్తున్నాడని మనకు తెలిసిపోదూ? అదే. వాగ్నర్ ఇంకో అడుగు వేశాడు. పాత్ర నోటితో ఒకటి చెబుతుంటే, వాద్యాలు దాని మనసులో ఉన్నది చెప్పేస్తాయి. దీన్ని లైట్‌మోటిఫ్ అంటారు. హాలీవుడ్ నేపథ్య సంగీతానికి పునాది వేసిన మాక్స్ స్టైనర్, ఎరిక్ కోర్న్‌గోల్డ్ నుంచి 'స్టార్ వార్స్' జాన్ విలియమ్స్ దాకా అందరూ ఈ బావిలో నీళ్లు తోడుకున్నవాళ్లే.

సినిమాకు ముందే సినిమా హాలు

ఈ రచనకు ఉన్న థియేటర్లు ఏవీ సరిపోవని వాగ్నర్‌కు ముందే తెలుసు. 1850లో, డ్రెస్డెన్ తిరుగుబాటులో పాల్గొని స్విట్జర్లాండ్‌కు పారిపోయి తలదాచుకుంటున్న రోజుల్లో, స్నేహితులకు రాసిన ఉత్తరాల్లో ఆయన ఒక వింత కల చెప్పుకున్నాడు. పలకలతో తాత్కాలికంగా ఒక నాటకశాల కట్టాలి. వచ్చినవాళ్లందరికీ ఉచితంగా చూపించాలి. ప్రదర్శనలు అయ్యాక దాన్ని కూల్చేయాలి.

జరిగింది మరోటి. బవేరియా రాజు రెండో లూడ్విగ్ 1864లో చేరదీసి అప్పులు తీర్చాడు. మొదటి రెండు భాగాలను వాగ్నర్ వద్దన్నా వినకుండా 1869, 1870ల్లో మ్యూనిక్‌లో ఆడించేశాడు. వాగ్నర్ బాయ్‌రాయ్ట్ అనే చిన్న ఊళ్లో సొంత థియేటర్‌కు 1872 మే 22న, తన పుట్టినరోజున, శంకుస్థాపన చేశాడు. డబ్బు కోసం ఒక్కోటి 300 టాలర్ల చొప్పున పోషకుల పత్రాలు అమ్మకానికి పెట్టాడు. అవి అనుకున్నట్టు అమ్ముడుపోలేదు. మళ్లీ రాజే అప్పిచ్చాడు. ఉచిత ప్రదర్శన కల అలా ధనికుల పండగగా మారింది. 1876 ఆగస్టు 13న మొదలైన తొలి 'రింగ్'కు జర్మన్ చక్రవర్తి వచ్చాడు, బ్రెజిల్ చక్రవర్తి వచ్చాడు, చైకోవ్‌స్కీ, గ్రీగ్, లిస్ట్ వచ్చారు. మిగిలింది సుమారు 1,48,000 మార్కుల లోటు. మళ్లీ ఆ తలుపులు తెరుచుకోవడానికి ఆరేళ్లు పట్టింది.

ఆ థియేటర్ లోపలికి ఇప్పుడు మొదటిసారి వెళ్లినవాళ్లకు ఎక్కడో చూసినట్టే ఉంటుంది. అప్పటి ఒపెరా హాళ్లంటే గుర్రపు లాడం ఆకారం, చుట్టూ బాక్సులు, దీపాల వెలుగు. ఒకరి నగలు ఒకరు చూసుకోవడానికే అనువైన ఏర్పాటు. వాగ్నర్ ఆ ఆకారాన్నే పక్కన పెట్టాడు. సుమారు 1,900 సీట్లు విసనకర్రలా, మెట్లు మెట్లుగా, అన్నీ వేదిక వైపే. పక్క బాక్సులు లేవు. దీపాలు తగ్గించేశాడు. వాద్యబృందం కూర్చునే పిట్‌ను వేదిక కిందకు దింపి, మీద వంపు తిరిగిన కప్పు వేశాడు. వందమందికి పైగా వాయిస్తుంటారు, ఒక్కరూ కనపడరు. సంగీతం ఎక్కడి నుంచో తనంతట తాను పుట్టినట్టు ఉంటుంది.

ఇరవై ఏళ్ల తర్వాత లోకం దీన్నే సినిమా హాలు అంది. అంతేకాదు, వాల్‌క్యూరెలు అనే వీరకన్యలు గుర్రాల మీద ఆకాశంలో దూసుకుపోయే దృశ్యం కోసం 1876లోనే అక్కడ గాజు పలకల మీద బొమ్మలు గీసి, మాయాదీపంతో తెర మీద వేశారు. లూమియేర్ సోదరుల తొలి ప్రదర్శనకు అది 19 ఏళ్లు ముందు.

దాచడమే బాయ్‌రాయ్ట్ సూత్రం. జలకన్యలు ఈదుతున్నట్టు కనిపించాలి. నిజానికి గాయనులను చక్రాల బండ్ల మీద నిలబెట్టిన ఎత్తయిన గడలకు కట్టి, కింది నుంచి మనుషులు తోసేవాళ్లు. మబ్బుల కోసం రైలింజను బాయిలర్ల నుంచి ఆవిరి వదిలేవాళ్లు. మొదటి రాత్రే గుట్టు రట్టయింది. దృశ్యం మారేటప్పుడు ఒక పనివాడు వెనక తెర తొందరపడి ఎత్తేశాడు. చక్రవర్తి చూస్తుండగా, చొక్కా చేతులు మడుచుకుని నిలబడ్డ రంగస్థల కార్మికులు దేవలోకంలో దర్శనమిచ్చారు. వాగ్నర్ మండిపడ్డాడు. జనం ఎంత పిలిచినా వేదిక మీదకు రాలేదు. రెండేళ్ల తర్వాత, కనపడని వాద్యబృందాన్ని కనిపెట్టాను, ఇక కనపడని నాటకశాలను కూడా కనిపెట్టాలని భార్య కోసిమా దగ్గర నిట్టూర్చాడట. ఆ మాట ఆమె డైరీకి ఎక్కింది.

శనివారం మ్యాట్నీ

తెరకూ రింగ్‌కూ చుట్టరికం కలిసింది మొదట సంగీతంతోనే. వాల్‌క్యూరెల స్వారీ సంగీతాన్ని ఒపెరా హాల్లో విన్నవాళ్ల కన్నా సినిమాలో విన్నవాళ్లే ఎక్కువ. 1915లో 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్'లో ముసుగు గుర్రపు దళానికీ, 1979లో 'అపొకలిప్స్ నౌ'లో హెలికాప్టర్ల దాడికీ అదే వాడారు. 1924లో ఫ్రిట్జ్ లాంగ్ ఇదే జీగ్‌ఫ్రీడ్ గాథను రెండు భాగాల మూకీగా తీశాడు కానీ, వాగ్నర్‌ను దగ్గరకు రానివ్వలేదు. గాట్‌ఫ్రీడ్ హుపెర్ట్స్ చేత వేరే సంగీతం కట్టించాడు.

ఒపెరాను ఒపెరాగానే తెర మీదకు తెచ్చిన ఘనత ముందు టీవీది. 1976లో, రింగ్‌కు నూరేళ్లు నిండినప్పుడు, బాయ్‌రాయ్ట్‌లో పాత్రీస్ షెరో అనే యువ ఫ్రెంచి దర్శకుడు కథను ఫ్యాక్టరీల యుగంలోకి మార్చాడు. రైన్ నది అడుగు ఆనకట్ట అయింది. మొదటి ఏడాది హాల్లో ఈలలు, బూతులు. నాలుగేళ్లు తిరిగి ఆఖరి ప్రదర్శన వచ్చేసరికి గంటకు పైగా చప్పట్లు. బ్రయన్ లార్జ్ చిత్రీకరణలో అది టీవీలకు ఎక్కింది. 1990 జూన్‌లో అమెరికా ప్రజా టీవీ మెట్ వాళ్ల రింగ్‌ను వరుసగా నాలుగు రాత్రులు వేసింది.

సినిమా హాలు వంతు 2006 డిసెంబరు 30న వచ్చింది. మెట్ జనరల్ మేనేజర్ పీటర్ గెల్బ్ మొజార్ట్ 'మ్యాజిక్ ఫ్లూట్'తో ప్రత్యక్ష ప్రసారాలు మొదలుపెట్టాడు. ఎంచుకున్న వేళ శనివారం మ్యాట్నీ. అది కొత్త అలవాటు కాదు. 1931 క్రిస్మస్ రోజున తొలి పూర్తి ఒపెరా రేడియోలో వినిపించినప్పటి నుంచి, శనివారం మధ్యాహ్నం మెట్ పాట వినడం అమెరికాలో ఎన్నో ఇళ్ల ఆనవాయితీ. మొదటి ఏడాది ఆరు ప్రసారాలు. తర్వాత అది 70కి పైగా దేశాలకు పాకింది. లండన్ రాయల్ ఒపెరా హౌస్ కూడా ఇదే బాట పట్టింది. 2018 అక్టోబరులో 'డీ వాల్‌క్యూరె'ను సినిమా హాళ్లకు ఇచ్చింది. బ్యారీ కోస్కీ దర్శకత్వంలో కొత్త రింగ్ మొదలుపెట్టి, 2023లో మొదటి భాగాన్నీ, 2025లో రెండో భాగాన్నీ తెర మీదకు తెచ్చింది.

అమెరికాలో ఈ ప్రసారాలను హాళ్లకు చేర్చే సంస్థ ఫాథమ్. దాని యజమానులు ఏఎంసీ, సినీమార్క్, రీగల్. ఆ పేర్లు వినగానే డాలస్, న్యూజెర్సీ తెలుగువాళ్లకు ప్రీమియర్ షోలు గుర్తొస్తాయి. అవును, అవే మల్టీప్లెక్సులు. గురువారం రాత్రి కాగితం ముక్కలు ఎగరేసి కేకలు పెట్టే గొలుసు హాళ్లలోనే శనివారం మధ్యాహ్నం నెరిసిన తలలు నిశ్శబ్దంగా వోటాన్‌ను వింటాయి. మన దేశంలో చూడాలంటే ముంబయి నారిమన్ పాయింట్‌లోని ఎన్‌సీపీఏ ఉంది. మెట్ ప్రసారాలను అక్కడ తెర మీద ప్రదర్శిస్తుంటారు.

యంత్రం కథ

ఆ 45 టన్నుల యంత్రం ఉన్న మెట్ రింగ్ దర్శకుడు కెనడాకు చెందిన రాబెర్ లెపాజ్. ఆయన వేసిన సెట్టు ఒక్కటే: ఒకే ఇరుసు మీద తిరిగే 24 పొడవాటి పలకలు. అవే నది, అవే కొండ, అవే గుర్రాలు, అవే కోట. పైన వీడియో బొమ్మలు పడతాయి. బరువు సుమారు 45 టన్నులు. దాన్ని మోయడానికి వేదిక కిందిభాగాన్ని గట్టిపరచాల్సి వచ్చింది. అందరూ దాన్ని 'మెషీన్' అనే పిలిచారు.

2010 సెప్టెంబరులో తొలి రాత్రి, 'రైన్‌గోల్డ్' ఆఖర్లో, దేవతలు ఇంద్రధనుస్సు వంతెన మీద కోటకు నడవాల్సిన చోట పలకలు కదల్లేదు. దేవతలు చేసేది లేక పక్కకు నడిచి వెళ్లిపోయారు. బాయ్‌రాయ్ట్‌లో తెర ముందే లేచిన రాత్రికి ఇది 134 ఏళ్ల తర్వాత, అదే భాగంలో! మరుసటి ఏప్రిల్‌లో బ్రూన్‌హిల్డెగా డెబొరా వోయ్ట్ మొదటి అడుగులోనే పలక మీద జారింది. పలకల కిర్రుకిర్రులు సంగీతంలోకి చొరబడ్డాయి. విమర్శకులు ఉతికి ఆరేశారు.

సినిమా హాల్లో కూర్చున్నవాళ్లకు మాత్రం కొంత వేరే రింగ్ కనిపించింది. కెమెరా యంత్రాన్ని వదిలి మొహాల దగ్గరకు వెళ్లింది. రెండో భాగంలో వోటాన్ తన ఓటమిని కూతురికి చెప్పుకునే దృశ్యం ఉంది. చాలాసేపు, ఒక్కడే, గొంతు దించి చెప్పుకుంటూ పోతాడు. ఒపెరా హాల్లో కాలక్షేపం కాక చాలామంది గడియారం చూసుకునేది అక్కడే. తెర మీద బ్రిన్ టెర్ఫెల్ కళ్లు అంత దగ్గరగా చూస్తూ, కింద సబ్‌టైటిళ్లు చదువుకుంటూ ఉంటే, తన గోతిలో తానే పడ్డ తండ్రి మాటలు ఒక్కటీ జారిపోవు. 3,800 సీట్ల హాల్లో వెనక వరసలో ఉన్నవాడికి ఆ అదృష్టం లేదు.

మూడో భాగానికి అసలు నాటకం తెర వెనక జరిగింది. జీగ్‌ఫ్రీడ్ పాడాల్సిన గాయకుడు అనారోగ్యంతో తప్పుకుంటే, కొద్ది రోజుల ముందు ఆ బరువు టెక్సస్‌లో ప్యారిస్ అనే చిన్న ఊరికి చెందిన జే హంటర్ మోరిస్ భుజాన పడింది. 2011 నవంబరు 5న ఆయన లోకమంతటి తెరల మీద డ్రాగన్‌ను చంపాడు. ఈ తంటాలన్నీ కలిపి సుజన్ ఫ్రోమ్కె 'వాగ్నర్స్ డ్రీమ్' అనే డాక్యుమెంటరీ తీసింది.

బుద్ధుడి కథ రాయాలనుకున్నాడు

రింగ్ రాస్తున్న రోజుల్లోనే వాగ్నర్ షోపెన్‌హవర్ తత్వం చదివి, దాని మీదుగా భారతీయ ఆలోచన దగ్గరకు వచ్చాడు. 1856లో 'డీ జీగర్' అనే ఒపెరాకు చిన్న ప్రణాళిక రాసుకున్నాడు. ఫ్రెంచి పండితుడు బ్యుర్నూఫ్ బౌద్ధ గ్రంథంలో చదివిన కథ దానికి ఆధారం. బుద్ధుడి శిష్యుడు ఆనందుణ్ని ప్రేమించిన చండాల కన్య ప్రకృతి కథ అది. తర్వాత రవీంద్రనాథ్ ఠాగూర్ 'చండాలిక'గా మలిచిన కథ కూడా ఇదే. వాగ్నర్ ఆ ఒపెరా ఎన్నడూ కట్టలేదు. కానీ అదే ఏడాది రింగ్ ముగింపును కూడా, కోరికల నుంచీ పునర్జన్మ నుంచీ విడుదల అన్న భావంతో, ఒకసారి తిరగరాశాడు. చివరికి ఆ మాటలకు సంగీతం కట్టకుండా వదిలేశాడు. వాద్యాలే చెబుతాయిలే అనుకున్నాడు.

తెర మింగేసేది

అంతా లాభమేనా అంటే, కాదు. ఒపెరా గొంతుకు మైకు లేదు. వందమంది వాయించే ఇత్తడి, తీగ వాద్యాల హోరును చీల్చుకుని ఒక మనిషి గొంతు వట్టి గాలిలో హాలు చివరిదాకా వెళ్లాలి. రింగ్ పాడటమంటే ఆ సాహసం. గొంతు గట్టెక్కుతుందా, మునుగుతుందా అన్న ఉత్కంఠ విద్యలో భాగం. సినిమా హాల్లో ఆ ఉత్కంఠ ఉండదు. వేదిక చుట్టూ అమర్చిన మైకులు పట్టిన ధ్వనిని మిక్సింగ్ బల్ల దగ్గర సరిచేసి పంపుతారు. ఏనుగు గొంతూ చిలక గొంతూ తెర మీద ఒకే ఎత్తులో వినిపిస్తాయి. పద్యనాటకాల రోజుల్లో రాగం చివరి వరసను తాకిందా లేదా అన్నదాన్ని బట్టి నటుణ్ని తూచిన మన పెద్దలకు ఈ బాధ వెంటనే అర్థమవుతుంది.

రెండోది చూపు. హాల్లో ఎక్కడ చూడాలో మనిష్టం. పాడేవాడి కంటే వింటున్నవాడి మొహం ముఖ్యమనిపించే క్షణాలు రింగ్‌లో కొల్లలు. సినిమాలో ఆ నిర్ణయం కెమెరా దర్శకుడిది. మూడోది లెక్కల బాధ. పాతిక డాలర్లకు దగ్గర్లోని హాల్లో దొరుకుతుంటే వందల డాలర్లు పోసి న్యూయార్క్ ఎందుకు వెళ్లాలి? ఈ ప్రసారాలు సొంత హాలు టికెట్లకు కొంత గండి కొట్టాయని మెట్ యాజమాన్యమే ఒప్పుకుంది. కానీ ఊళ్లో ఒపెరా అంటే ఏమిటో ఎరగనివాడికి ఇదే తొలి గుమ్మం.

రింగ్ మొదలయ్యే తీరు ఒక్కటి చాలు, ఆ గుమ్మం విలువ తెలియడానికి. 'రైన్‌గోల్డ్' చీకట్లో, డబుల్‌బాస్‌ల అట్టడుగు స్వరంతో మొదలవుతుంది. ఒకదాని వెనక ఒకటిగా ఎనిమిది హార్న్‌లు చేరతాయి. 136 బార్‌ల పాటు శ్రుతి మారదు. తంబురా మీటుతూ కచేరీకి మనసును కూర్చోబెట్టే సంప్రదాయంలో పెరిగిన చెవికి ఇది బోధపరచాల్సిన పని లేదు. మంచి స్పీకర్లున్న హాల్లో సీటు కిందినుంచి నది పుడుతున్నట్టు ఉంటుంది.

నిడివికి కూడా మనం జడుసుకోనక్కర్లేదు. చిత్తూరు వైపు పల్లెల్లో ధర్మరాజు గుడి దగ్గర 18 రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రంతా వీధినాటకం. తెల్లారేదాకా చాప మీద కూర్చున్నవాళ్ల మనవలకు పదిహేను గంటలు ఒక లెక్కా? కరోనా రోజుల్లో, 2020 మార్చి చివరి వారంలో, మెట్ ఈ రింగ్ మొత్తాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. వాగ్నర్ 1850 నాటి కల ఆ వారం రోజులు నిజమైంది. కానీ ఇంట్లో చూసేవాడి చేతిలో పాజ్ బటన్ ఉంటుంది. కుక్కరు కూత వేస్తుంది, ఫోను మోగుతుంది. ఎదురుగా వెలుగు, చుట్టూ చీకటి, లేచి వెళ్లాలంటే పదిమంది మోకాళ్లు దాటాలి. వాగ్నర్ అడిగింది అది. సినిమా హాలు ఒక్కటే దాన్ని ఇంకా ఇవ్వగలుగుతోంది.

మచ్చ మచ్చే

ఈ సంగీతాన్ని మైమరచి మాత్రమే వినే వీల్లేదు. 1850లో వాగ్నర్ సంగీతరంగంలోని యూదుల మీద విషం కక్కుతూ వ్యాసం రాశాడు. 1869లో సొంత పేరుతో మళ్లీ అచ్చేశాడు. ఆయన చనిపోయిన దశాబ్దాల తర్వాత బాయ్‌రాయ్ట్ హిట్లర్‌కు తీర్థస్థలమైంది, వాగ్నర్ కోడలు వినిఫ్రెడ్ ఆతిథ్యమిచ్చింది. బంగారం మీద ఆశతో వంగిపోయిన అల్బెరిష్, అతని సోదరుడు మీమె పాత్రల్లో ఆ ద్వేషపు నీడ ఉందా అన్న వాదం ఇప్పటికీ ఆగలేదు. ఇజ్రాయెల్‌లో ఆయన సంగీతానికి చట్టంలో లేని నిషేధం ఉంది. 1981లో టెల్ అవీవ్‌లో వాగ్నర్‌ను వాయించబోయి శ్రోతల ఆగ్రహాన్ని చవిచూసిన సంగీత నిర్దేశకుడు ముంబయిలో పుట్టిన జుబిన్ మెహతా. అదే మెహతా 2007-09 మధ్య స్పెయిన్‌లోని వాలెన్సియాలో మొత్తం రింగ్ నడిపించాడు. లండన్ రింగ్ దర్శకుడు కోస్కీ ఆస్ట్రేలియాకు చెందిన యూదుడు. అతని రింగ్‌లో భూమాత ఎర్డా నగ్నంగా ఉన్న ఒక ముసలామె. తన కడుపులోంచి తవ్వి తీసుకున్న బంగారం కోసం దేవుళ్లూ మరుగుజ్జులూ కొట్టుకు చస్తుంటే ఆమె మౌనంగా వేదిక మీద తిరుగుతూ ఉంటుంది. దొంగ ఏ జాతివాడన్నది ఆమెకు పట్టదు. కొల్లగొట్టింది తనను. వాగ్నర్‌కు కోస్కీ ఇచ్చిన జవాబు అదేననిపిస్తుంది.

ఇంటర్వెల్

ఐదు గంటల ప్రసారంలో ఇంటర్వెళ్లు పొడుగ్గా ఉంటాయి. లైట్లు వెలుగుతాయి, కొందరు లేస్తారు. చాలామంది లేవరు. ఎందుకంటే అప్పుడే కెమెరా తెర వెనక్కి వెళ్తుంది. ఇప్పుడే కూతుర్ని శిక్షిస్తానని శపథం చేసి వచ్చిన వోటాన్ చెమట తుడుచుకుంటూ, తోటి గాయకురాలు మైకు పెడితే నవ్వుతూ జవాబు చెబుతాడు. వాద్యకారులు పిట్‌లో తీగలు సరిచూసుకుంటుంటారు. చెవికి హెడ్‌సెట్లు తగిలించుకున్న రంగస్థల కార్మికులు తర్వాతి అంకానికి వేదికను సిద్ధం చేస్తుంటారు. 1876లో తెర తొందరపడి లేచినప్పుడు చక్రవర్తికి కనపడింది ఈ మనుషులే. అప్పుడు వాళ్లు కనపడ్డందుకే వాగ్నర్ అవమానంతో కుమిలిపోయాడు. ఇప్పుడు వాళ్లను చూడటానికే జనం కాఫీ మానుకుని కూర్చుంటున్నారు.

ఆ తర్వాత మూడో అంకం. ఆఖర్లో పలకలు నిటారుగా లేచి కొండ అవుతాయి. మంటలు వీడియో అని అందరికీ తెలుసు. ఆ కొండ మీద తలకిందులుగా వేలాడేది ఇంతసేపూ పాడిన గాయని కాదు, ఆమె బదులు కట్టిన మరో మనిషి అనీ తెలుసు. పలకలను తిప్పే కంప్యూటర్లు ఆ మధ్యాహ్నమే మొండికేశాయనీ తెలుసు. వోటాన్ వంగి, కూతురి కళ్లను ముద్దు పెట్టి మూస్తాడు. హాల్లో అప్పటిదాకా ఎక్కడో గరగరలాడుతున్న చిరుతిళ్ల సంచి ఆగిపోతుంది.